టేకుకు తూర్పున చుట్టాలు, పొనికికి పడమట

నిర్మల్ బొమ్మను చేతిలోకి తీసుకుంటే ముందు తెలిసేది దాని తేలికదనం. చూడటానికి నిండుగా కనిపించే ఏనుగు, ఎత్తితే అరచేతిలో బరువే తెలియదు. గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తటి కర్ర అది. దాన్ని పొనికి అంటారు. బొమ్మ చేసేవాళ్లు ఆ కర్రను చెక్కి, ముక్కలను అతికి, చింతగింజల ముద్దతో సందులు పూడ్చి, పైన రంగు వేస్తారు. అదే ఇంట్లో గుమ్మానికి ఉన్న దర్వాజ టేకుది. మేకు దిగాలంటే సుత్తి గట్టిగా పడాలి. బొమ్మ, దర్వాజ రెండూ నిర్మల్ చుట్టుపక్కల అడవి ఇచ్చినవే.

ఆ రెండు చెట్ల చుట్టాలు ఎక్కడ ఉన్నాయో చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. టేకు ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో, మొత్తం 3 జాతులే ఉన్నాయి. మన టేకు భారతదేశం నుంచి బర్మా, థాయ్‌లాండ్, లావోస్ దాకా పెరుగుతుంది. రెండోది బర్మాలో, మూడోది ఫిలిప్పీన్స్‌లో ఉన్నాయి. పొనికి ప్రజాతిలో 4 జాతులు. మనది దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఉంటుంది. మరో రెండు మడగాస్కర్ దీవిలో, ఇంకొకటి ఇథియోపియా, సోమాలియా, కెన్యాల మెట్ట నేలల్లో ఉన్నాయి. ఒకే అడవిలో పక్కపక్కన నిలబడ్డ రెండు చెట్లలో ఒకదాని బంధువులు బంగాళాఖాతానికి అవతల, ఇంకొకదాని బంధువులు అరేబియా సముద్రానికి అవతల ఉన్నారు.

ఉత్తర తెలంగాణ అడవి గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా వానతో మొదలుపెడతాం. ఏడాదికి ఇంచుమించు 1000 మిల్లీమీటర్లు పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అందుకే ఎండాకాలంలో ఆకు రాల్చే చెట్లు ఎక్కువ అని చెప్తాం. అది నిజమే. కానీ వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా వానలో తేడా కొద్దిగానే ఉంటుంది, దారి పొడవునా చెట్లు మాత్రం మారిపోతూ ఉంటాయి. ఆ మార్పును వాన ఒక్కటే వివరించలేదు. కింద ఉన్న బండను కూడా అడగాలి.

ఓరుగల్లు బండ

వరంగల్‌కు ఏకశిలానగరం అనే పాత పేరు ఉంది. కోటలో నిలబడ్డ ఆ ఒంటి గుట్ట, హన్మకొండ పద్మాక్షి గుట్ట, ఊరి చుట్టూ కనిపించే గుండ్లు అన్నీ గ్రానైటు కుటుంబపు రాళ్లు. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నేల మీదికి మొక్కలు ఎక్కింది సుమారు 47 కోట్ల ఏళ్ల కింద. అంటే ఈ బండ తన ఆయుష్షులో ఐదింట నాలుగు వంతులు మొక్క అనేదాన్ని చూడకుండానే గడిపింది. భూమి లోపల కిలోమీటర్ల లోతున చల్లబడిన రాయి, పైనున్నదంతా కొట్టుకుపోతే ఇలా బయటపడింది.

గ్రానైటుకు తనలో నీటిని దాచుకునే గుణం లేదు. నీరు ఉండేది పగుళ్లలో, పైన పొరలు పొరలుగా చివికిన భాగంలో మాత్రమే. అందుకే ఒక్క గుట్ట మీదే మూడు రకాల బతుకులు కనిపిస్తాయి. నెత్తి మీద పరుపుబండ. అక్కడ అర అంగుళం మట్టిలో గడ్డి, నాచు, సంజీవని అని జాతరల్లో అమ్మే చిన్న మొక్క లాంటివే బతకగలవు. ఏప్రిల్‌లో ఆ సంజీవని ఎండి, ముడుచుకున్న గోధుమరంగు పిడికిలిలా ఉంటుంది. చచ్చిపోయిందనే అనుకుంటాం. నీళ్లు తగిలాక గంటల్లోనే వేళ్లు విప్పినట్టు విప్పుకొని పచ్చబడుతుంది. దానికి పువ్వు లేదు, గింజ లేదు, పొడి లాంటి సిద్ధబీజాలతో పెరుగుతుంది. ఆ వంశం బొగ్గు అడవుల కాలం నుంచీ ఉన్నది.

కొంచెం కిందికి దిగితే పగుళ్లు మొదలవుతాయి. అక్కడ కొండగోగు ఉంటుంది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఒక్క ఆకు లేకుండా అరచేయంత పసుపు పూలు పూసి, బూడిదరంగు బండ మీద దీపాలు పెట్టినట్టు కనిపిస్తుంది. రావి, జువ్వి కూడా అక్కడే బండ సందుల్లోకి వేళ్లు దూర్చుతాయి. గుట్ట అడుగున కథ వేరు. పైన పడిన వానంతా జారి అక్కడికే చేరుతుంది కాబట్టి అక్కడి మట్టి లోతుగా ఉంటుంది, చింత, వేప, తాటి పెద్ద చెట్లవుతాయి. వంద గజాల ఎత్తులో ఎడారి నుంచి తోట దాకా మారడానికి వాన కారణం కాదు, అన్నిచోట్లా పడింది ఒకే వాన.

గ్రానైటును చీల్చుకొని నల్లరాతి గోడలు కూడా అక్కడక్కడా పోతుంటాయి. వేయి స్తంభాల గుడిలో అద్దంలా మెరిసే నల్ల రాయి ఆ జాతిదే, డోలరైటు అంటారు. భూమి లోపల ఈ గోడలు నీటికి అడ్డుకట్టలా పనిచేస్తాయి. గోడకు ఎగువన బావి తవ్వితే నీళ్లు ఉంటాయి, దిగువన ఉండకపోవచ్చు. నీళ్లున్న ఆ పక్కన చెట్లు కూడా పచ్చని గీతలా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక మాట. ఈ గుట్టల మీద సీతాఫలం ఎంత ఇష్టంగా పెరుగుతుందో అందరూ చూసిందే. ఎప్పటి నుంచో ఇక్కడిదే అనిపిస్తుంది, కానీ దాని పుట్టిల్లు అమెరికా ఖండం, సముద్రం దాటి మనుషుల చేతుల మీదుగా వచ్చింది. చెట్టు ఎక్కడి నుంచి వచ్చిందో బండ అడగదు, తట్టుకుంటుందా లేదా అన్నదే చూస్తుంది. ఎవరు వచ్చారు, ఎవరు నిలిచారు అన్నవి వేర్వేరు ప్రశ్నలు. వీటిని కలిపేయడం వల్లే అడవి చరిత్ర గురించి చాలా పొరపాటు మాటలు పుడతాయి.

పాకాల దాటితే

నర్సంపేట దాటి పాకాల వైపు వెళ్తే గుండ్లు మాయమై పొడవాటి వరుస కొండలు మొదలవుతాయి. 1213 ప్రాంతంలో, గణపతిదేవుడి కాలంలో, కట్టిన పాకాల చెరువు ఆ కొండల నడుమ సందును మూసి నిలిపిందే. చెరువు పేరునే భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాళ్లకూ పెట్టారు. 100 కోట్ల ఏళ్లకు పైబడిన ఒక సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, బురద, సున్నం గట్టిపడి ఏర్పడిన రాళ్లు అవి. ఇసుక గట్టిపడిన చోట కొండ నిలిచింది, బురద గట్టిపడిన చోట అరిగి లోయ అయింది.

ఇక్కడ కడప వైపు ఒకసారి చూడాలి. కడప కొండల రాళ్లు కూడా ఇంచుమించు అలాంటివే, పాకాల రాళ్లలాగే అతి పాతవి. అక్కడి కొండల్లో ఎర్రచందనం పుట్టింది. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. మరి పాకాల కొండలకు అలాంటి సొంత చెట్టు ఎందుకు లేదు? రాయి వయసే అంతా నిర్ణయిస్తే ఇక్కడా ఒకటి ఉండాలి కదా. తేడా ఎత్తులో, ఒంటరితనంలో ఉంది. శేషాచలం, వెలికొండల్లో నిటారు గోడలు, లోతైన లోయలు ఉన్నాయి, చుట్టూ పొడి మైదానం. లోపలి మొక్క లోపలే ఉండిపోయి, తరతరాలుగా తన దారిన తాను మారే వీలుంది. పాకాల కొండలు తక్కువ ఎత్తువి, ఒక పక్క గోదావరి లోయలోకి తెరుచుకొని ఉన్నాయి. పక్షి, గాలి, వాగు ఏదైనా విత్తనాన్ని అటూ ఇటూ మోస్తూనే ఉంటుంది. తలుపు మూసి ఉన్న ఇంట్లో పుట్టే కొత్తదనం, నలుగురూ నడిచే బాటలో పుట్టదు. ఉత్తర తెలంగాణకు సొంతమైన జాతులు తక్కువ కావడాన్ని లోటుగా చూడనక్కర్లేదు. ఇది కలిసే చోటు. దీని గొప్పదనం ఆ కలయికలోనే ఉంది.

బొగ్గులో నాలుక ఆకు

పాకాల, ములుగు దాటి భూపాలపల్లి వైపు వెళ్తే ఇసుకరాయి, దాని నడుమ బొగ్గు. 1871లో భారత భూగర్భ సర్వే తరఫున విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించిన బొగ్గు ఈ గోదావరి లోయదే. బొగ్గు పొరల మధ్య వచ్చే నల్లటి పలక రాయిని జాగ్రత్తగా చీలిస్తే ఒక్కోసారి ఆకు ముద్ర దొరుకుతుంది. జానెడు పొడవు, నాలుక ఆకారం, మధ్యలో లావుపాటి ఈనె, దాని నుంచి రెండు పక్కలకూ వలలా అల్లుకున్న సన్నని ఈనెలు. నిన్న రాలిన ఆకును మసిలో అద్ది అచ్చు వేసినట్టు ఉంటుంది. దాని పేరు గ్లాసోప్టెరిస్, గ్రీకులో నాలుక ఫెర్ను అని అర్థం. నిజానికి అది ఫెర్ను కాదు, గింజ కాసిన చెట్టు. సింగరేణి బొగ్గులో చాలా భాగం ఆ అడవులే.

ఇదే ఆకు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో, అంటార్కిటికాలో కూడా దొరుకుతుంది. 1912లో దక్షిణ ధ్రువం చూసి తిరిగి వస్తూ మంచులో ప్రాణాలు వదిలిన స్కాట్ బృందం దగ్గర 16 కిలోల రాళ్లు దొరికాయి. నడవలేని స్థితిలోనూ వాళ్లు వదలని ఆ రాళ్లలో ఈ ఆకు శిలాజాలు ఉన్నాయి. గింజ కాసే చెట్టు ఇన్ని సముద్రాలు దాటి ఉండలేదు, నేలలే ఒకప్పుడు కలిసి ఉండాలి. అలా కలిసి ఉన్న మహాఖండానికి గోండ్వానా అని పేరు. మధ్య భారతంలోని గోండుల నేల పేరు మీద భూగర్భ శాస్త్రజ్ఞుడు మెడ్లికాట్ 1872లో ఇక్కడి రాళ్ల వరుసకు ఆ పేరు వాడాడు, 1876లో ఫీస్ట్‌మాంటెల్ అచ్చులోకి తెచ్చాడు, 1885లో స్యూస్ దాన్ని మహాఖండానికి ఇచ్చాడు. కేస్లాపూర్ నాగోబా జాతరకు ఏటా నడిచి వచ్చే జనం పేరును ప్రపంచంలోని ప్రతి భూగర్భ శాస్త్ర విద్యార్థీ పలుకుతున్నాడు. ఇది మన బడి పుస్తకాల్లో ఇంకా గట్టిగా చెప్పాల్సిన సంగతి.

బొగ్గు పొరల కింద ఇంకా వింత ఉంది. మంచు గడ్డలు ఈడ్చుకొచ్చి పడేసిన గులకరాళ్ల పొరలు. సుమారు 30 కోట్ల ఏళ్ల కింద ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. మే నెలలో నిప్పులు కురిసే రామగుండం ప్రాంతం మీద అప్పుడు మంచు పలకలు కదిలాయి. మంచు కరిగిన చిత్తడి నేలల్లోనే నాలుక ఆకుల అడవి లేచింది.

ఇక్కడే ఒక పొరపాటును సరిచేయాలి. బొగ్గు అడవే మారుతూ మారుతూ ఇప్పటి టేకు అడవి అయిందని చాలామంది అనుకుంటారు. కాదు. 25 కోట్ల ఏళ్ల కింద భూమి మీద జీవులకు వచ్చిన అతి పెద్ద వినాశంలో ఆ నాలుక ఆకుల చెట్లు తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత ఈ లోయలో రాక్షసబల్లులు తిరిగాయి. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఆ బల్లులు మేసింది పూలు లేని చెట్లనే. పూల మొక్కలు వచ్చింది ఇంకా తర్వాత. ఇప్పుడు మనం అడవి అని పిలిచే దానిలో దాదాపు ప్రతి చెట్టూ పూల మొక్కే. బొగ్గు కాలం ఈ అడవికి తాతలను ఇవ్వలేదు, కూర్చునే చోటు ఇచ్చింది.

ఆ చోటు గోదావరి లోయ. రెండు పగుళ్ల మధ్య నేల కుంగిపోతూ, కుంగినప్పుడల్లా ఇసుకా బురదా నిండుతూ, కోట్ల ఏళ్ల పాటు పేరుకున్న పొరలు అవి. ప్రాణహిత, గోదావరి ఆ పాత గాడిలోనే పారుతున్నాయి. అందుకే ఏటూరునాగారం వైపు లోతైన ఒండ్రు, తడి, దట్టమైన వెదురు, వాగు ఒడ్డున ఏరుమద్ది. లోయను ఆనుకొని ఉన్న ఇసుకరాతి గట్ల మీద నేల దుబ్బగా, సారం తక్కువగా ఉంటుంది. అలాంటి చోట నారేపి, బిల్లుడు, అందుగు లాంటి మొండి చెట్లు నిలుస్తాయి.

మూడు దారులు, ఒకే పటం

ఆ మొండి చెట్ల చుట్టరికాలు విప్పితే పొనికి కథే మళ్లీ వస్తుంది. బిల్లుడు ప్రజాతిలో 3 జాతులు. మనది పోగా మిగిలిన రెండూ మడగాస్కర్‌వే. అందుగు జిగురును మనం సాంబ్రాణిలా పొగవేస్తాం. దాని అక్కచెల్లెళ్లే సోమాలియా, ఒమన్‌లలో అసలు ధూపపు జిగురు ఇచ్చే చెట్లు. నారేపి ఆకు చూడండి, రెండే రేకులు, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు. దక్షిణాఫ్రికా మెట్టల్లో మోపేన్ అనే చెట్టు ఉంది, దాని ఆకూ అంతే. రెండూ దగ్గరి చుట్టాలు.

దీన్ని చూడగానే తట్టే సమాధానం ఒకటుంది. భారత భూఖండం మడగాస్కర్ నుంచి విడిపోయింది సుమారు 8.8 కోట్ల ఏళ్ల కింద, ఆసియాను గుద్దుకుంది సుమారు 5 కోట్ల ఏళ్ల కింద. మధ్యలో అది ఒక పెద్ద తెప్పలా సముద్రంలో ఉత్తరానికి వచ్చింది, ఈ చెట్లు ఆ తెప్ప మీద ప్రయాణించాయి అని. కథ అందంగా ఉంది. అన్ని చెట్లకూ పొసగదు. నారేపి చిక్కుడు కుటుంబానికి చెందినది. ఆ కుటుంబపు అతి పాత శిలాజాల వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్లు. భారతం ఆఫ్రికా నుంచి విడిపోవడం మొదలైంది సుమారు 16 కోట్ల ఏళ్ల కింద. కుటుంబమే పుట్టకముందు విడిపోయిన నేల మీద ఆ కుటుంబపు చెట్టు ఎక్కి రాలేదు. అది తర్వాత వేరే దారిన వచ్చి ఉండాలి. సుమారు 2 కోట్ల ఏళ్ల కింద అరేబియా నేల ఆసియాకు ఆనుకున్నప్పుడు ఆఫ్రికా మొక్కలకూ జంతువులకూ తూర్పు దారి తెరుచుకుంది.

మూడో దారి మనిషి. గోల్కొండ దగ్గర నయా ఖిల్లాలో ఏనుగు పొట్ట లాంటి బోదెతో ఒక మహావృక్షం ఉంది, అది ఆఫ్రికా బావోబాబ్. పటంలో చూస్తే అదీ మడగాస్కర్–ఆఫ్రికా–భారత్ వరుసలోనే పడుతుంది. కానీ జన్యువులు చూస్తే భారతదేశపు బావోబాబ్‌లు ఆఫ్రికా నుంచి మనుషుల వెంట వచ్చినవని తేలింది. తెప్ప, నేల దారి, ఓడ. మూడూ పటం మీద ఒకే బొమ్మ గీస్తాయి. అందుకే చుట్టం ఎక్కడుందో చూసి దారి చెప్పేయకూడదు. ఎప్పుడు విడిపోయారో కూడా శిలాజమో, జన్యువో చెప్పాలి.

దారి ఏదైనా, ఇక్కడికి వచ్చాక కుదురుకున్న తీరు మాత్రం గమనించదగ్గది. పడమటి చుట్టాలున్న పొనికి, బిల్లుడు, అందుగు, నారేపి, ఆఫ్రికాలో దగ్గరి జాతి ఉన్న చిరుమాను, ఇవన్నీ పొడి గట్లు, పలచటి మట్టి, రాళ్ల వాలు ఎంచుకున్నాయి. తూర్పు చుట్టాలున్న టేకు, ఇప్ప కాస్త లోతున్న నేల మీద బలంగా ఎదుగుతాయి. వంశానికి ఒక అలవాటు ఉంటుంది, అది అంత సులభంగా పోదు. ఎండకు అలవాటు పడ్డ వంశం కొత్త ఊళ్లోనూ ఎండ గట్టునే వెతుక్కుంటుంది. ఖండాల ప్రయాణం ఎవరిని తెచ్చిందో, బండ వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టిందో, ఆ రెండు చరిత్రలూ ఈ అడవిలో ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. ఉత్తర తెలంగాణ అడవిని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి తాళంచెవి లేదు.

లావా నేల

ఆదిలాబాద్ వైపు చేరేసరికి బండ మళ్లీ మారుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద పడమటి, మధ్య భారతాన్ని లావా పొరలు పొరలుగా కప్పేసింది. ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర అది మిగిలి ఉంది. ఆ పరుపు అంచు ఆదిలాబాద్ దాకా వస్తుంది. లావా కప్పిన చోట పాత అడవి మొత్తం పోయినట్టే. ఆ నేల మీద తర్వాత మొలిచినదంతా బయటి నుంచి వచ్చిన విత్తనమే. పొర పొరకూ మధ్య విరామాల్లో చెరువులు ఏర్పడ్డాయి, చెట్లు లేచాయి. నాగపూర్, ఛింద్వారా వైపు ఆ పొరల నడుమ తాటి జాతి శిలాజాలు బోలెడన్ని దొరుకుతాయి. అప్పుడు ఈ నేల ఇప్పటికన్నా దక్షిణాన, తడి వాతావరణంలో ఉండేది.

ఈ రాయి చివికితే రేగడి అవుతుంది. ఆదిలాబాద్ పత్తికి అదే ఆధారం. సున్నం ఎక్కువగా ఉండే నేల అంటే టేకుకు ఇష్టం కాబట్టి లావా గుట్టల వాలు మీద అది నిటారుగా, బాగా ఎదుగుతుంది. అయితే అదే రాయి నుంచి వచ్చిన మట్టి కింద చదును నేలలో పేరుకుంటే అక్కడ టేకు ఇబ్బంది పడుతుంది. వానాకాలం రేగడిలో నీరు నిలిచి వేరుకు ఊపిరాడదు. ఎండాకాలం కాలు పట్టేంత నెర్రెలు బారి వేళ్లు తెగుతాయి. అక్కడ మోదుగ, నల్లతుమ్మ, నల్లమద్ది తట్టుకుంటాయి. రాయి ఒకటే అయినా వాలు మారితే అడవి మారింది.

వాన కూడా ఎప్పుడూ ఇలాగే లేదు. గోదావరి సముద్రంలో కలిసే చోటుకు ఎదురుగా, బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన బురదలో మన చెట్ల ఆకుల మీది మైనం పొరలు పొరలుగా దొరికింది. ఆకు రాలుతుంది, వాగు మోస్తుంది, నది సముద్రానికి చేరుస్తుంది, మైనం మాత్రం కుళ్లదు. 2012లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం సుమారు 4000 ఏళ్ల కింద నుంచి ఈ నదీ పరీవాహక ప్రాంతం పొడిబారుతూ వచ్చింది, పొడిని తట్టుకునే మొక్కల వాటా పెరిగింది. పడమటి చుట్టాల అలవాట్లకు అది అనుకూలమైన కాలమే.

ఇప్పుడు ఈ నేలల వరుసనే మనిషి మారుస్తున్నాడు. కరీంనగర్ గ్రానైటు ఓడలెక్కుతోంది. గుట్టను పలకలుగా కోస్తే నెత్తి, పగులు, అడుగు అనే మూడు బతుకులూ ఒకేసారి పోతాయి. ఓపెన్‌కాస్ట్ గనిలో అడుగున ఉండాల్సిన పొర పైకి, పైమట్టి కిందికి వెళ్లి, ఏ నేల అని పేరు పెట్టలేని కుప్ప మిగులుతుంది. ఆ కుప్పల మీద, 2015లో మొదలైన హరితహారం అనే ప్రభుత్వ మొక్కల కార్యక్రమం కింద ఊరూరా నాటిన చోట్ల, మొక్కను ఎంచుకునేటప్పుడు చూడాల్సింది నర్సరీలో ఏది దొరికిందని కాదు, కింద ఉన్నది చల్కా (ఎర్ర ఇసుక నేల), దుబ్బా, రేగడా అని.

పొనికికి ఈ లెక్క మరీ ముఖ్యం. నిర్మల్‌లో ఆ కర్ర దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. గింజ పెంకు చాలా గట్టిది, అడవిలో దానంతట అది మొలిచేవి కొన్నే. పెంకును కొద్దిగా అరగదీసి నాటితే నీరు లోపలికి దిగి మొలకకు దారి దొరుకుతుంది. నాటేది మాత్రం చెరువు కింది రేగడిలో కాదు, నీరు నిలవని రాళ్ల వాలు మీద. మడగాస్కర్‌లో దాని చుట్టాలు పెరిగేదీ అలాంటి పొడి నేలలోనే.